షుగర్ ఉన్న నాన్నను ఒంటరిగా చేపలకు పంపొచ్చా?

మా నాన్నకు 66 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్, రెండేళ్ల నుంచి ఇన్సులిన్ కూడా. మేముండేది పల్లెటూళ్లో. తెల్లారకముందే గాలం భుజాన వేసుకుని చెరువుకు వెళ్లిపోతారు, ఎండెక్కాకే తిరిగొస్తారు. చేప పడిందా లేదా అన్నది ఆయనకు పెద్ద లెక్క కాదు. సగం రోజులు ఖాళీ బుట్టే!

పోయిన వారం గట్టు మీద చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడ్డారట. పక్కన గాలం వేస్తున్న కుర్రాడు ఇంటికి తీసుకొచ్చాడు. మీటర్‌లో చూస్తే 58. 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలని తెలుసు కాబట్టి అదే చేశాం. తర్వాత డాక్టర్ డోసు తగ్గించారు.

ఇంకో టెన్షన్ పాదాలు. స్పర్శ సరిగా లేదు, అయినా చెప్పుల్లేకుండా బురదలో దిగుతారు. మొన్న మడమలో ముల్లు దిగినా, రాత్రి అమ్మ చూసేదాకా ఆయనకే తెలియలేదు.

అమ్మేమో ఇక వెళ్లొద్దని పట్టుబడుతోంది. మాన్పిస్తే మనిషి దిగులుతో మంచం పడతారని నా భయం. ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు చెప్పండి: ఇలా గంటలకొద్దీ బయట ఉండే రోజుల్లో ఏం తినిపించి పంపుతున్నారు, వెంట ఏం ఇస్తున్నారు? బురదలో జారకుండా ఎలాంటి బూట్లు పనికొచ్చాయి? ఫోన్ ఇస్తే కావాలనే ఇంట్లో వదిలేస్తారు, దానికీ ఏదైనా ఉపాయం ఉందా?