మూతబడ్డ గోల్ఫ్ కోర్సులో సోలారా, అడవా?

చిబా చిన్నోడు:
జపాన్‌లో, చిబా జిల్లాలోని మా ఇచిహరా కొండల్లో ఎటు తిరిగినా గోల్ఫ్ కోర్సే. ఆదివారం మూతబడ్డ ఒకదాని పక్కగా నడిచాను. గేటుకి తుప్పు గొలుసు, బంతి కొట్టే పచ్చిక దారి (ఫెయిర్‌వే) నిండా నడుమెత్తు రెల్లు, బంకర్ అనే ఇసుక గుంటలోంచి వెదురు పిలకలు. గేటు మీద సోలార్ కంపెనీ నోటీసు. అప్పుడు అడవి కొట్టి కోర్సు చేశారు, ఇప్పుడు కోర్సు తీసి ప్యానెళ్ళు పరుస్తారట. నేనైతే వద్దంటాను, మళ్ళీ అడవి కానివ్వాలి.

బోగీ బాబాయ్:
వదిలేస్తే అడవైపోతుందా చిన్నోడా? వెదురు ఒక్కటే మిగులుద్ది. ఇక్కడి సతోయామా, అంటే ఊరి పక్క కొండ అడవి కూడా, కట్టెలకీ బొగ్గుకీ కొట్టి, మళ్ళీ చిగురించనిచ్చిన అడవే. నన్నడిగితే కోర్సునే బతికించాలి. ఆడేవాళ్ళ దగ్గర రోజుకి మామూలుగా 800 యెన్‌ల పన్ను తీసుకుంటారు, అందులో పదింట ఏడు వంతులు ఆ ఊరికే పోతాయి. పైగా 9 హోల్స్, అంటే సగం ఆట అయ్యాక ఆపి కూర్చోబెట్టి కట్సు కర్రీ (వేయించిన మాంసం ముక్కతో కూర అన్నం) పెట్టే దేశం ఇంకోటి చూపించు!

సోలార్ సుబ్బు:
కర్రీ సంగతి సరే, ఆడేవాళ్ళేరీ? క్యోటో ఫుషిమిలో పాడుబడ్డ కోర్సులో 23 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. రోడ్డుంది, నేల చదునుగా ఉంది. పచ్చటి కొండని కొత్తగా నరకడం కంటే నయమే కదా.

ఏటిగట్టు:
బాబాయ్, 70 దాటినవాళ్ళకి ఆ పన్ను లేదన్న ముక్క మింగేశారే! వారం మధ్యలో కోర్సులో ఎవరుంటారో మీకే బాగా తెలుసు.

సుబ్బు గారూ, ఆ చదును ఎలా వచ్చిందో కూడా చూడాలి. విహార కేంద్రాలు కట్టమని ప్రోత్సహించిన 1987 రిసార్ట్ చట్టం రోజుల్లో, కోర్సు తయారవకముందే మెంబర్‌షిప్పులు అమ్మి ఆ డబ్బుతో కట్టినవి బోలెడు. కొండ నెత్తి కోసి ఆ మట్టిని లోయలో పోశారు. తుఫాను వానకి ముందు కదిలేది ఆ పోసిన మట్టే. కోర్సులో చెరువులు బంతి పోగొట్టుకోడానికే అనుకుంటాం గానీ, చాలాచోట్ల అవి వాననీరు ఒక్కసారిగా కిందికి దూకకుండా పట్టి ఉంచేవి. క్లబ్బు నడిచినన్నాళ్ళూ ఎవరో ఒకరు పూడిక తీసేవారు, కాలవలో ఆకులు ఎత్తేవారు. అడవికి వదిలేస్తే ఆ పని ఎవరిది? సోలార్‌కి కరెంటు ధర గ్యారంటీ 20 ఏళ్ళే, ఆ తర్వాత ఎవరు చూస్తారు? నాకు సోలార్ మీద పగేం లేదు. చెరువు పూచీ కాగితం మీద రాయించుకోకుండా ఒప్పుకోవద్దంటున్నా.

సోలార్ సుబ్బు:
అది న్యాయమే. కానీ ఖర్చు మొత్తం కంపెనీ నెత్తినే వేస్తే ఎవరూ రారు. ఊరు కొంత పెట్టుకోవాలి.

బోగీ బాబాయ్:
ఆ ఊరికి డబ్బెక్కడిదయ్యా? నా 800 వద్దన్నారుగా!

చిబా చిన్నోడు:
ఇవాళ మళ్ళీ వెళ్ళి నోటీసు మొత్తం చదివాను. ప్యానెళ్ళు ఎన్నో ఉంది, కంచె ఎత్తు ఉంది. చెరువు మాటే లేదు. కంచె పక్కనుంచి చూస్తే నీళ్ళు బయటికి పోయే తూము సగం ఆకులతో మూసుకుపోయి ఉంది. దాని కిందే నాలుగిళ్ళు, ఒక ఇంటి ముందు బట్టలు ఆరేసున్నాయి.