అప్‌డేట్: 55 నిండాక ప్రెస్టీజ్ కొట్టాలా?

2007 నాటి తుపాకుల గేమ్ కాల్ ఆఫ్ డ్యూటీ 4లో ఆఖరిదైన 55వ లెవెల్ నిండాక ప్రెస్టీజ్ కొట్టాలా (అంటే అన్నీ వదులుకుని మళ్ళీ 1వ లెవెల్ నుంచి మొదలుపెట్టాలా), ఆగాలా అని ఇంతకుముందు పోస్టులో అడిగాను గదా. కొట్టేశా. వచ్చింది పేరు పక్కన కొత్త బ్యాడ్జీ, అంతే. తుపాకులు, పెర్కులు (ఆటగాడికిచ్చే అదనపు శక్తులు), ఛాలెంజులు అన్నీ పోయినాయి. కస్టమ్ క్లాస్ (మనకు నచ్చినట్టు పెట్టుకునే ఆయుధాల సెట్) 4వ లెవెల్‌కి గానీ తెరుచుకోదు, జీ36సీ రైఫిల్‌కి 37 దాకా ఆగాల. ఎం16 రైఫిల్‌కి రెడ్ డాట్ (గురి చూసే అద్దం) పెట్టాలంటే మళ్ళీ 25 కిల్స్.

ఆ పోస్టు కింద ఒంగోలు అన్న చెప్పిందే కరెక్టు: క్లాన్ మ్యాచ్ (జట్ల మధ్య పోటీ) ముందు మాత్రం కొట్టబాకండి, చేతిలో సరుకు లేక టీమ్‌కి బరువవుతారు.

ఇదే సిరీస్‌లోని బ్లాక్ ఆప్స్ 2 గేమ్ సంగతి వేరే. ప్రెస్టీజ్ కొట్టినప్పుడల్లా ఒక వస్తువు శాశ్వతంగా ఉంచుకునే టోకెన్ ఇస్తారు, తుపాకీ లెవెళ్లు చెరగవు. అందులో కళ్ళు మూసుకుని కొట్టొచ్చు.

ప్రెస్టీజ్ ఎక్కడుందని అడిగిన కావలి తమ్ముడూ, ఇదంతా కన్సోల్ సంగతి; కాల్ ఆఫ్ డ్యూటీ 4 2007 పీసీ వెర్షన్‌లో అసలు ప్రెస్టీజే లేదు, మెనూలో వెతకబాక.