ఇమ్యునోథెరపీ తీసుకునే అందరికీ రక్తం పలచబడే మాత్ర ముందే మొదలుపెట్టాలా?

కడప కుర్రోడు: నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మూడు వారాలకోసారి పెంబ్రోలిజుమాబ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందు) ఎక్కిస్తున్నారు. పక్క బెడ్‌ ఆయనకు కాలి నరంలో గడ్డ కట్టిందని విన్నప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. డాక్టరేమో ముందుజాగ్రత్త మాత్ర ఇప్పుడే వద్దన్నారు. గడ్డ కట్టేదాకా ఆగడమెందుకు?

కొండారెడ్డి బురుజు (కర్నూలు): ఆగకూడదనే నేనంటాను. 2019లో వచ్చిన అవర్ట్ (AVERT) అనే ట్రయల్‌లో క్యాన్సర్ రోగులకు అపిక్సాబాన్ అనే రక్తం పలచబడే మాత్ర 2.5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే గడ్డలు 10.2 శాతం నుంచి 4.2కి తగ్గాయి. ఇంతకంటే ఏం కావాలి?

క్లాక్‌టవర్ మెడికల్స్ (అనంతపురం): మిగతా సగం కూడా చెప్పు సామీ. అదే ట్రయల్‌లో పెద్ద రక్తస్రావాలు 1.8 నుంచి 3.5 శాతానికి పెరిగాయి. పైగా అందులో చేర్చుకున్నది కీమో మొదలుపెట్టేవాళ్లను, అదీ ఖొరానా స్కోరు (క్యాన్సర్ రకం, రక్త పరీక్షల్లాంటివి చూసి గడ్డ కట్టే ప్రమాదాన్ని అంచనా వేసే లెక్క) 2, ఆపైన ఉన్నవాళ్లను. ఇమ్యునోథెరపీ ఒక్కటే తీసుకునేవాళ్లకు ఆ లెక్క అంత బాగా కుదరడం లేదు. మా కౌంటర్ దగ్గర చూస్తుంటాను కదా, చీటీలో అపిక్సాబాన్ ఉంటుంది, పెద్దాయన మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కూడా అడుగుతాడు. రెండూ కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం. "అందరికీ ఇచ్చేద్దాం" అనడం అందుకే తేలిక కాదు.

పెన్నా గట్టు: మాత్ర సంగతి డాక్టరు చూసుకుంటారు, మీరు కాళ్లు చూడండి. మా అత్తకు ఒక్క కాలే వాచింది. బస్సులో కూర్చుని వచ్చింది కదా అని రెండు రోజులు వదిలేశాం. డాప్లర్ (రక్తం పారడం చూసే స్కాన్) తీస్తే గడ్డ. రక్తం పలచబడే ఎనాక్సాపారిన్ సూదులు పొట్టకు వేశారు, తర్వాత మాత్రకు మార్చారు. ఇమ్యునోథెరపీ మాత్రం ఆపలేదు.

క్లాక్‌టవర్ మెడికల్స్: మంచి మాట అక్కా. ఆయాసం కూడా. అది ఊపిరితిత్తిలో గడ్డ కావచ్చు, ఇమ్యునోథెరపీ తెచ్చిన న్యూమోనైటిస్ (ఊపిరితిత్తుల వాపు) కావచ్చు. ఒకదానికి రక్తం పలచబడే మందు, ఇంకోదానికి స్టెరాయిడ్. సీటీ తీయకుండా ఊహించి మందు వేయడమే ప్రమాదం.

కడప కుర్రోడు: అన్నా, మొన్నటి రిపోర్టులో హిమోగ్లోబిన్ 9.4, ప్లేట్‌లెట్లు 3.8 లక్షలు. ఊపిరితిత్తికి 1, వీటికి చెరొకటి. ఖొరానా స్కోరు 3 వస్తోంది!

క్లాక్‌టవర్ మెడికల్స్: చికిత్స మొదలుకాకముందు రిపోర్టుతో వేయాలి తమ్ముడూ, మొన్నటిది కాదు. ఆ పాత కాగితం వెతుకు. రెండూ పట్టుకెళ్లి, గతంలో ఎప్పుడైనా రక్తం పడిందా, ఏయే మాత్రలు వాడుతున్నారు, అన్నీ చెప్పి డాక్టరునే మళ్లీ అడుగు.