రాత్రి తాగింది పొద్దున మిషన్‌లో ఊదితే ఎంతసేపటి వరకు పట్టేస్తుంది?

షిఫ్ట్‌మనిషి:
పరవాడ దగ్గర ఒక ప్లాంటులో క్రేన్ ఆపరేటర్‌ని. ఎ షిఫ్టుకి వచ్చిన ప్రతి ఒక్కరి చేతా గేటు దగ్గర ఊదిస్తారు. సున్నా రాకపోతే ఆ రోజు లోపలికి పోనివ్వరు, రెండోసారి దొరికితే కాంట్రాక్టరు పనిలోంచి పీకేస్తాడు. శనివారం రాత్రి అనకాపల్లిలో మా బావమరిది రిసెప్షన్, ఆదివారం పొద్దున ఆరింటికి డ్యూటీ, సెలవు దొరకలేదు. అస్సలు ముట్టుకోనంటే మావాళ్ళు ఊరుకోరు. ఎంత తాగి ఎన్నింటికి ఆపితే పొద్దున్నకి ఏమీ రాదు? నెట్‌లో ఒకడు ఆరు గంటలంటాడు, ఇంకొకడు ఇరవై నాలుగంటాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారోడు:
దీనికింత టెన్షనెందుకు తమ్ముడూ. పడుకునే ముందు కడుపు నిండా పెరుగన్నం, పొద్దున లేవగానే నిమ్మకాయ నీళ్ళు, తలమీంచి చన్నీళ్ళ స్నానం, నోట్లో కాస్త వక్కపొడి. మా బ్యాచ్ అంతా ఇదే ఫార్ములా.

ల్యాబ్‌కోటు:
వక్కపొడి పక్కనున్న మనిషి ముక్కుకి పనిచేస్తుంది అన్నా, మిషన్‌కి కాదు. మిషన్ నోటి వాసన చూడదు. రక్తంలో ఉన్న ఆల్కహాల్ ఊపిరితిత్తుల్లోంచి గాల్లోకి వస్తూనే ఉంటుంది, అందుకే గట్టిగా, ఆగకుండా ఊదమంటారు, లోపలి గాలి వచ్చేదాకా. రక్తంలో ఉన్నంతసేపూ ఊపిరిలో ఉంటుంది. నువ్వు పళ్ళు తోముకున్నా, ఏలకులు నమిలినా అది మారదు.

లెక్క చెప్తాను. లివర్ గంటకి సుమారు 15 మిల్లీగ్రాములు తగ్గిస్తుంది (100 మిల్లీలీటర్ల రక్తంలో), కొంతమందికి 10, కొంతమందికి 20. కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా, పరిగెత్తినా దాని స్పీడు పెరగదు. 70 కిలోల మగమనిషి 42.8 శాతం విస్కీ ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు, కొడితే దాదాపు 125 దాకా వెళ్తుంది. అది సున్నాకి రావడానికి ఎనిమిది, తొమ్మిది గంటలు, స్లో లివరైతే పన్నెండు దాటుతుంది. అదే ఆఫ్ బాటిల్ అయితే మర్నాడు సాయంత్రం దాకా చూసుకోవాల్సిందే. నెట్‌లో ఆరన్నవాడూ ఇరవై నాలుగన్నవాడూ ఇద్దరూ కరెక్టే, ఎంత తాగాడో ఇద్దరూ చెప్పలేదంతే.

గోదారోడు:
అయితే బీరుతో సరిపెట్టుకుంటే పోలా?

ల్యాబ్‌కోటు:
జనం ఎక్కువగా దెబ్బ తినేది అక్కడే. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, సీసా మీద 8 శాతం అని ఉంటే, అందులో ఉన్న ఆల్కహాల్ రెండు లార్జ్ పెగ్గులతో (ఒక్కోటి 60 మిల్లీలీటర్లు) సమానం. లెక్కేసి చూసుకో. బీరేగా అని రెండు సీసాలు లాగించినవాడు క్వార్టర్ దాటేసినట్టే. ఇక పెరుగన్నం సంగతి. కడుపులో తిండి ఉంటే మందు రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది, రీడింగ్ కూడా అంత పైకి పోదు, అంతవరకు నిజమే. కానీ తాగడానికి ముందో తాగుతూనో తినాలి. తాగేశాక పడుకోబోయే ముందు తింటే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

పాత_స్టీరింగ్:
నేను ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. మాకూ డ్యూటీ ఎక్కే ముందు డిపోలో ఊదడమే, అక్కడ రోడ్డు మీద పోలీసుల లెక్క 30 పనికిరాదు, సున్నా ఉండాలి. మా డిపోలో ఒకాయన తెల్లవారుజామున నాలుగున్నర సర్వీసుకి వచ్చాడు. తలస్నానం చేశాడు, నుదుటిమీద విభూతి రేఖలు, ఇస్త్రీ నలగని ఖాకీ, మనిషి నిలకడగా ఉన్నాడు, మాటలో తేడా లేదు, వాసన అసలే లేదు. ఊదితే నలభై పైన. ఆయన మిషన్ పాడైందని గొడవ. వెంటనే కండక్టర్‌ని ఊదమన్నారు, సున్నా. తర్వాత తెలిసింది, రాత్రి పదకొండున్నర దాకా కూర్చున్నారట, క్వార్టర్ మీద ఒక బీరు. నిద్రపోతే దిగిపోతుందనుకున్నాడు పాపం. నాలుగు గంటల నిద్రలో ఏం దిగుతుంది, సుమారు 60.

పద్మ_ఉప్పల్:
తాగకపోయినా చూపిస్తుందంటారు కదా, మౌత్‌వాష్, దగ్గు మందు, అది నిజమేనా? మా ఇంటాయన డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికినప్పుడు హైదరాబాద్ గోషామహల్‌లో ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్‌కి నేనూ పక్కన కూర్చోవలసి వచ్చింది. అక్కడ సగం మంది చెప్పింది ఇదే, సార్ నేను సిరప్ తాగానండీ అని. మా ఆయన తాగింది సిరప్ కాదని నాకు తెలుసు, అది వేరే సంగతి.

ల్యాబ్‌కోటు:
నిజమే అండీ, కానీ ఆ ఆల్కహాల్ నోట్లో ఉండేది మాత్రమే, పదిహేను ఇరవై నిమిషాల్లో పోతుంది. నీళ్ళతో పుక్కిలించి కాసేపాగి మళ్ళీ ఊదుతానని అడగాలి. నిజంగా తాగకపోతే రెండోసారి సున్నా వస్తుంది. 2025 జూలైలో కేరళలో పందళం డిపోలో ఆర్టీసీ డ్రైవర్లు పనసతొనలు తిని ఊదితే మిషన్ పట్టేసింది. బాగా ముగ్గిన పండు పులిసి ఆల్కహాల్ తయారవుతుంది కదా. పైలట్లకైతే ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడొద్దనే డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) రూలు ఉంది, విమానం ఎక్కడానికి 12 గంటల ముందు నుంచి చుక్క ముట్టకూడదు. ఆ 12 గంటలూ దాటాక కూడా రీడింగ్ సున్నా ఉండాల్సిందే.

ఇంకో మాట, ఆడవాళ్ళకి అదే పెగ్గు ఎక్కువ రీడింగ్ ఇస్తుంది. ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి.

లీడ్స్_తెలుగోడు:
ఇక్కడ ఇంగ్లండ్‌లో లిమిట్ 80, స్కాట్లాండ్‌లో 2014 నుంచి 50. ఇండియాలో 30 అని మర్చిపోయి, సెలవుల్లో వచ్చినప్పుడు ఇక్కడి లెక్కతో రెండు పెగ్గులు కొట్టి స్టీరింగ్ పట్టే మనవాళ్ళు చాలామంది. ఫస్ట్ టైమ్ దొరికితే 10,000 ఫైన్, ఆర్నెల్ల దాకా జైలు, రెండూ పడొచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న మిషన్లు కొనుక్కుని చూసుకోవచ్చా?

ల్యాబ్‌కోటు:
చవకరకం సెన్సర్లు నమ్మొద్దు. అందులో సున్నా వచ్చిందని గేటు దగ్గర వాదించలేం.

షిఫ్ట్‌మనిషి:
నా బరువు 58. ఒక లార్జ్ పెగ్గు, తొమ్మిదింటికల్లా ఆపేస్తే?

ల్యాబ్‌కోటు:
58 కిలోలకి ఒక్క లార్జే 50 దాకా లేపుతుంది. లివర్ స్లో అనుకున్నా ఐదు గంటలు, రెండింటికి క్లియర్. ఆరింటికి భయం లేదు. రెండో పెగ్గు వేస్తే మాత్రం స్లో లెక్కలో పొద్దున ఏడు అవుతుంది, అంటే గేటు దగ్గర దొరుకుతావ్. వాళ్ళు పోసే పెగ్గు 60 కాదు, అదీ గుర్తుపెట్టుకో. పెళ్ళిళ్ళలో చేతి కొలతే, నువ్వే కొలిచి పోసుకో.

పాత_స్టీరింగ్:
ఆదివారం గేటు గురించే అడుగుతున్నావు, శనివారం రాత్రి సంగతేంటి? అనకాపల్లి నుంచి రూముకి బైక్ మీదేగా వచ్చేది? తొమ్మిదింటికి ఆపి తొమ్మిదిన్నరకి బయల్దేరితే రోడ్డు మీద లిమిట్ 30, నీ ఒంట్లో యాభై దగ్గర ఉంటుంది. బైక్ కల్యాణ మండపం దగ్గరే వదిలేసి పెళ్ళివారి కార్లో ఎవరో ఒకరితో వచ్చెయ్, లేదంటే బి షిఫ్టులో ఉన్న క్రేన్ ఆపరేటర్‌ని ఇవాళే పట్టుకుని డ్యూటీ మార్చుకో.

షిఫ్ట్‌మనిషి:
బి షిఫ్టువాడిది కూడా అదే పెళ్ళి బాబాయ్, మా చిన్నమామ కొడుకే. కార్లోనే వస్తాను.