వంటగది గుమ్మం దగ్గర కార్పెట్ జిడ్డుకు ఏ ద్రావణం వాడాలి?

ప్రశ్న – భోజనశాల నిర్వాహకుడు, భీమవరం

మా ఏసీ భోజనశాలలో వంటగది తలుపు నుంచి బల్లల దాకా ఉన్న నడవ కార్పెట్ జిడ్డు పట్టి నల్లగా చారలు దేరింది. రొయ్యల వేపుడు నూనె గచ్చు మీద పడుతుంది, వడ్డించేవారి చెప్పులతో అది నేరుగా కార్పెట్ మీదికి చేరుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌ను చిక్కగా కలిపి బ్రష్‌తో గట్టిగా రుద్దించాను. రెండు రోజులు శుభ్రంగానే కనిపించింది గానీ, వారం తిరగకుండానే మునుపటికంటే నల్లబడింది. ఇంతకన్నా ఘాటైన మందు కొనాలా, లేక బ్లీచింగ్ ద్రావణం వాడవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – కార్పెట్ శుభ్రం చేసే పనివాడు, రాజమహేంద్రవరం

అయ్యా, మీ మందు చాలకపోవడం వల్ల అలా జరగలేదు. మీరు రుద్దించిన లిక్విడ్ పోగుల్లోనే ఎండిపోయి, బంకలాగా మారి, వచ్చిపోయేవారి కాళ్ల దుమ్మునంతా పట్టుకుంది. తడిసిన తరువాత కడిగి బయటికి లాగని సబ్బు ఏదైనా ఇదే పని చేస్తుంది. బ్లీచింగ్ జోలికి పోవద్దు. అది జిడ్డును కరిగించదు సరికదా, నైలాన్ అయితే రంగు తీసేస్తుంది. దాన్ని బాత్‌రూమ్ ఆమ్లంతో కలిపితే విషవాయువు పుడుతుంది.

ముందుగా కార్పెట్ దేనితో నేసిందో తెలుసుకోండి. గోడవారన, ఎవరికీ కనిపించనిచోట, నాలుగు పోగులు కత్తిరించి గ్లాసెడు నీళ్లలో వేసి వేలితో ముంచండి. తిరిగి పైకి తేలితే అది పాలీప్రొపిలిన్, మునిగిపోతే నైలాన్ కావచ్చు. పాలీప్రొపిలిన్ నీటిని పీల్చదు గానీ నూనెను మాత్రం ఇష్టంగా పట్టుకుంటుంది కనుక, దానికి జిడ్డు కోసం చేసిన క్షార ద్రావణం కావాలి. నైలాన్‌కైతే పీహెచ్ (క్షారం ఘాటును తెలిపే అంకె, డబ్బా మీద ఉంటుంది) 10 దాటని ద్రావణమే మేలు.

తడి చేయడానికి ముందు వాక్యూమ్ నిదానంగా, అటూ ఇటూ రెండు దిక్కులా లాగాలి. పొడి మట్టి తీయకుండా నీళ్లు పోస్తే అది బురద అవుతుంది. తరువాత ద్రావణాన్ని డబ్బా మీద రాసిన పాళ్లలోనే వేడినీటిలో కలిపి, నడవంతా చల్లి, పది పదిహేను నిమిషాలు ఆగండి. జిడ్డును వదిలించేది మీ చేతిబలం కాదండీ, ఆ నానే సమయం. అలాగని ద్రావణం పోగుల మీద ఎండనివ్వకూడదు. ఆ తరువాత మెత్తని బ్రష్ ఆడించి, నీళ్లు చల్లి వెంటనే లాగేసే యంత్రంతో వేడినీటితో కడిగించండి. చివరిసారి కడిగే నీళ్లలో, పది లీటర్లకు ఒక చిన్న చెంచా నిమ్మ ఉప్పు కలిపితే మిగిలిన క్షారం విరిగి, పోగులు బంకగా ఉండవు.

జవాబు – హోటల్ హౌస్‌కీపింగ్ పర్యవేక్షకురాలు, కాకినాడ

పై జవాబుతో నేను ఏకీభవిస్తాను, అయితే మన ప్రాంతానికి సంబంధించి రెండు మాటలు చేర్చాలి. మీ వైపు చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా, గట్టిగా ఉంటుంది. అటువంటి నీటిలో ద్రావణం బలం కొంత ఆ లవణాల వల్లే తగ్గిపోతుంది కనుక, కుళాయికి వచ్చే కాలువ నీటినే వాడండి. రెండోది, తేమ. వానాకాలంలో తలుపులు మూసి వదిలేస్తే మర్నాటికి కూడా ఆరక ముక్కవాసన పడుతుంది. నేను రాత్రి భోజనాలు ముగిశాక కడిగించి, ఏసీ నడుపుతూ నేల ఫ్యాన్లు రెండు తెల్లవారేవరకూ పెట్టిస్తాను.

మరొక మాట. మీ హాలులో ఏలూరు ఉన్ని తివాచీ ఏదైనా ఉంటే, ఈ క్షార ద్రావణాలు దానికి తగలనివ్వకండి. ఉన్ని క్షారానికి బిరుసెక్కి పాడవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పోగులు నీటిపై తేలాయి! అయితే తలుపు ముందు గజం మేర తారులాగా గట్టిపడిన మరకకు నారింజ తొక్కల వాసన వచ్చే సాల్వెంట్ ఒకటి అమ్ముతున్నారు. దాన్ని వాడవచ్చునా?

జవాబు – కార్పెట్ శుభ్రం చేసే పనివాడు, రాజమహేంద్రవరం

వాడవచ్చు, కానీ కార్పెట్ మీద నేరుగా పోయకుండా, తెల్ల గుడ్డకు తడిపి, ఆ మరక మీదే అద్దండి. ఎక్కువైతే కింది పొరను అంటించిన జిగురు మెత్తబడి కార్పెట్ ఊడివస్తుంది. అది మండే ద్రవం కాబట్టి వంటగదిలో పొయ్యిలు ఆర్పి, కిటికీలు తెరిచిన తరువాతే మూత తీయండి. గుడ్డకు నలుపు రావడం ఆగాక, పైన చెప్పిన క్షార ద్రావణంతో ఆ సాల్వెంట్‌ను కూడా కడిగించాలి. ఆరిన తరువాత అడుగు నుంచి జిడ్డు మళ్లీ పైకి ఎగబాకితే, ఆ ఒక్క గజమూ రెండోసారి చేయించండి. ఇదంతా ఎన్నిసార్లు చేసినా, వంటగది గుమ్మానికి లోపలివైపు ఒక రబ్బరు పట్టా, బయటివైపు రోజూ ఉతికే గుడ్డ పట్టా వేయకపోతే ఆ నడవ మళ్లీ నెలకే నల్లబడుతుంది.