బూట్ పార్టిషన్‌కి కూడా తాళం వెయ్యాలా?

సందేహాల_సంచి
నిన్న రాత్రి నుంచి లాప్‌టాప్ లేవట్లేదు. లినక్స్, లుక్స్2 (లినక్స్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి)తో డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది. మొత్తం అంటే నిజంగా మొత్తమే, కెర్నల్ ఫైళ్లుండే బూట్ డైరెక్టరీ కూడా లోపలే. బయట ఉన్నది ఫర్మ్‌వేర్ మొదట చదివే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఒక్కటే. ఆన్ చేస్తే గ్రబ్ (సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్) పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, కొడతాను, ఓ పావు నిమిషం ఆలోచించి మెనూ చూపిస్తుంది. రెండేళ్లుగా ఇదే వరస.

నిన్న సాయంత్రం పాస్‌ఫ్రేజ్ మార్చాను. క్రిప్ట్‌సెటప్ అనే లుక్స్ పనిముట్టుతో కొత్తది జోడించి, పాతది తీసేశాను. రీస్టార్ట్ చేశాక కొత్తది కొడితే ఎంటర్ నొక్కిన మరుక్షణం ‘ఇన్‌వాలిడ్ పాస్‌ఫ్రేజ్’ అంటోంది. తర్వాత ‘గ్రబ్ రెస్క్యూ’ అని ఒక లైను, దాని పక్కన మిణుకుమనే కర్సర్. పాస్‌ఫ్రేజ్ తప్పు కొట్టట్లేదు, ఇరవైసార్లు కొట్టాను.

దీన్ని ఎలా లేపాలన్నది మొదటి ప్రశ్న. అసలు బూట్‌ని లోపల పెట్టడమే బుద్ధితక్కువ పని అని ఒక ఫ్రెండ్ తిడుతున్నాడు, నిజమేనా అన్నది రెండోది.

పాత_కీబోర్డు
ముందు కీబోర్డు సంగతి చూడండి. గ్రబ్ మామూలుగా అమెరికన్ లేఅవుట్‌లోనే చదువుతుంది. మీ సిస్టమ్‌లో వేరే లేఅవుట్ ఉంటే గుర్తులన్నీ తారుమారవుతాయి. పాస్‌ఫ్రేజ్ కొట్టేచోట ఏమీ కనబడదు కాబట్టి తెలీదు. ఆ రెస్క్యూ లైను దగ్గర మాత్రం అక్షరాలు కనిపిస్తాయి, అక్కడ కొట్టి చూసుకోండి.

రెండో ప్రశ్నకి: మీ ఫ్రెండ్ చెప్పింది నిజం.

ఫార్మాట్_వీరుడు
బ్రదర్, ఇదంతా తలనొప్పి. డిస్క్ పోయుంటుంది. రీఇన్‌స్టాల్ కొట్టు, గంటలో అయిపోతుంది.

తాళంచెవి
వీరుడు గారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. ఇన్‌స్టాలర్‌లో ఒక్క క్లిక్కుతో పార్టిషన్ మీద కొత్త లుక్స్ హెడర్ రాసేస్తే పాత డేటాకి శాశ్వతంగా సెలవు. డిస్క్‌ని తెరిచే అసలు కీ ఆ హెడర్‌లోనే, పాస్‌ఫ్రేజ్‌తో చుట్టి దాచి ఉంటుంది. హెడర్ పోతే పాస్‌ఫ్రేజ్ తెలిసినా గోడకి చెప్పుకోవాల్సిందే.

సంచి గారూ, లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్)తో బూట్ అవ్వండి. టెర్మినల్‌లో ముందు హెడర్‌ని వేరే పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తియ్యండి, క్రిప్ట్‌సెటప్‌లో ‘లుక్స్ హెడర్ బ్యాకప్’ అనే కమాండ్ ఉంది. లుక్స్2కి అది మామూలుగా 16 ఎంబీ ఫైలు. తర్వాత అదే కొత్త పాస్‌ఫ్రేజ్‌తో పార్టిషన్ తెరవండి. తెరుచుకుంటే డిస్కూ, హెడరూ, పాస్‌ఫ్రేజూ మూడూ బాగున్నట్టే, తప్పు గ్రబ్‌ది.

ఇక రెండో ప్రశ్న. పాత_కీబోర్డు గారితో నేను ఏకీభవించను. బూట్ బయట ఉంటే కెర్నలూ, బూట్ మొదట్లో డిస్క్ తెరిచే చిన్న వ్యవస్థ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్సూ బట్టబయలే. మీరు లేనప్పుడు ఎవరైనా లైవ్ యూఎస్‌బీ పెట్టి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో నాలుగు లైన్లు కలిపితే చాలు. మర్నాడు మీరు కొట్టే పాస్‌ఫ్రేజ్ వాళ్ల ఫైల్లోకి పోతుంది.

సందేహాల_సంచి
లేఅవుట్ చూశాను, అక్షరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి. లైవ్ యూఎస్‌బీలో అదే పాస్‌ఫ్రేజ్ మొదటిసారికే తెరుచుకుంది! ఫైళ్లన్నీ ఉన్నాయి. సగం టెన్షన్ పోయింది. హెడర్ బ్యాకప్ కూడా తీశాను. మరి గ్రబ్‌కి ఏం రోగం?

కెర్నల్_కబుర్లు
మీ మొదటి పోస్టులోనే జవాబు ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఇదివరకు పావు నిమిషం ఆలోచించేది, ఇప్పుడు మరుక్షణం కాదంటోంది. పాస్‌ఫ్రేజ్ నిజంగా తప్పయితే, అది తప్పని తేల్చడానికి కూడా గ్రబ్ ఆ పావు నిమిషం లెక్క చెయ్యాలి. చెయ్యలేదంటే అసలు లెక్కే మొదలుపెట్టలేదన్నమాట.

క్రిప్ట్‌సెటప్‌లో ‘లుక్స్ డంప్’ కొట్టి కీస్లాట్ (హెడర్‌లో ఒక్కో పాస్‌ఫ్రేజ్‌కి ఉండే గది) దగ్గర పీబీకేడీఎఫ్ అన్న లైను చూడండి. ఆర్గాన్2ఐడీ అని ఉంటుందని నా పందెం. పాస్‌ఫ్రేజ్‌ని కీగా మార్చే పద్ధతి అది. క్రిప్ట్‌సెటప్ కొత్త స్లాట్ చేస్తే మామూలుగా ఇప్పుడు అదే పెడుతుంది. గ్రబ్ 2.06కి లుక్స్2 చదవడం వచ్చింది కానీ పీబీకేడీఎఫ్2 స్లాట్లు మాత్రమే. 2.12లోనూ అంతే. ఆర్గాన్ స్లాట్ కనబడితే మౌనంగా దాటేస్తుంది. చివరికి తెరవగలిగే స్లాటే మిగలక, పాస్‌ఫ్రేజ్ తప్పని మీ మీదకి నెడుతుంది. రెండేళ్ల క్రితం ఇన్‌స్టాల్ చేసినప్పుడు పీబీకేడీఎఫ్2 అని చేత్తో రాసి ఉంటారు, నిన్న మర్చిపోయారు.

సందేహాల_సంచి
పందెం మీదే. కీస్లాట్ 1, ఆర్గాన్2ఐడీ. అప్పట్లో ఏదో గైడు చూసి అక్షరం పొల్లుపోకుండా కొట్టాను, ఎందుకో నాకే తెలీదు.

కెర్నల్_కబుర్లు
సరే, లైవ్ యూఎస్‌బీలోనే ఉండి ‘లుక్స్ కన్వర్ట్ కీ’ వాడండి. స్లాట్ నంబరు 1, పీబీకేడీఎఫ్‌గా పీబీకేడీఎఫ్2 ఇవ్వండి. పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, అదే స్లాట్‌ని ఆ పద్ధతిలో తిరగరాస్తుంది. డేటాని తాకదు. ఇది పార్టిషన్ తెరిచి చేసినా పర్వాలేదు, కానీ కరెంటు తీగ గుచ్చి చెయ్యండి, సగంలో బ్యాటరీ అయిపోతే చూడాల్సిన సరదా కాదు.

పాత_కీబోర్డు
ఇదిగో, నేను చెప్పేది ఇదే. ఒక మామూలు పని, పాస్‌ఫ్రేజ్ మార్చడం. దానికి మనిషి రాత్రంతా మేలుకున్నాడు. బూట్ బయట ఉంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో అసలైన క్రిప్ట్‌సెటప్ ఉంటుంది, ఆర్గాన్ అయినా ఏదైనా తెరుస్తుంది. ఒకవేళ తెరవకపోయినా, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ షెల్లులో చేతికి నాలుగు పనిముట్లు ఉంటాయి. గ్రబ్ రెస్క్యూలో ఏముంది? ఎల్ఎస్, సెట్ లాంటి కమాండ్లు, మన తల.

ఇక రక్షణ సంగతి. బూట్‌ని లోపల పెట్టారు, మరి గ్రబ్ ఎక్కడుంది? ఈఎఫ్ఐ పార్టిషన్‌లో, ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్‌లో, ఏ తాళమూ లేకుండా. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మార్చగలిగినవాడు గ్రబ్‌ని మార్చలేడా? తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్నట్టుంది.

తాళంచెవి
అందుకే సెక్యూర్ బూట్ అనేది ఉంది. నా మెషీన్‌లో సొంత కీలు ఎక్కించి గ్రబ్‌కి సంతకం చేశాను. గ్రబ్ మారితే ఫర్మ్‌వేర్ దాన్ని నడపదు. లోపలున్నదంతా తాళంలోనే. ఇంకో లాభం కూడా ఉంది: బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌లో పాత స్నాప్‌షాట్‌కి (అప్పటి సిస్టమ్ నకలుకి) వెనక్కి వెళ్తే కెర్నలూ దాని మాడ్యూళ్లూ కలిసి వెళ్తాయి. బూట్ బయట ఉంటే కొత్త కెర్నల్ బయట, పాత మాడ్యూళ్లు లోపల. అది మాత్రం రాత్రి జాగారం కాదా?

కెర్నల్_కబుర్లు
స్నాప్‌షాట్ల మాట ఒప్పుకుంటాను, అది గట్టి కారణమే. సంతకం దగ్గరే మీ లెక్క తిరగబడుతుంది. గ్రబ్‌కి సంతకం చేసే ఓపిక ఉన్నవాళ్లు కెర్నలూ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్సూ కలిపి ఒకే ఫైలుగా కట్టి, దానికే సంతకం చేసి ఈఎఫ్ఐలో పెట్టొచ్చు. గ్రబ్ అవసరమే ఉండదు. కెర్నల్ రహస్యం కాదు కదా, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. దాన్ని దాచడం కాదు, ఎవరూ మార్చలేదని తేల్చుకోవడం కావాలి. ఆ పని సంతకానిది. లుక్స్ మామూలుగా వాడే ఎక్స్‌టీఎస్ పద్ధతి చదవనివ్వదు గానీ, ఎవరైనా డిస్క్ మీద చెయ్యి పెట్టారో లేదో చెప్పదు.

పైగా గ్రబ్ కోసం మీరు ఇస్తున్న ధర చూడండి. ఆర్గాన్2ఐడీ ఒక్కో ఊహకి ఒక జీబీ వరకు మెమరీ మింగేలా పెట్టొచ్చు, కాబట్టి గ్రాఫిక్స్ కార్డులతో వేల ఊహలు ఒకేసారి కొట్టడం కష్టం. పీబీకేడీఎఫ్2కి మెమరీ అక్కర్లేదు, ఆ కార్డులకి అది పండగ. అంటే ఎప్పుడో వచ్చే దొంగచాటు మనిషి కోసం, లాప్‌టాప్ ఎత్తుకెళ్లే మామూలు దొంగ పని తేలిక చేస్తున్నారు.

తాళంచెవి
ఏడు యాదృచ్ఛిక పదాల పాస్‌ఫ్రేజ్ పెట్టుకోండి, ఆ పండగ ఎవరూ చేసుకోలేరు. ఆర్గాన్ బలహీనమైన పాస్‌ఫ్రేజ్‌కి ఊతకర్ర, అంతకంటే కాదు.

బిట్ల_బాబాయి
ఇంత గొడవ ఎందుకు, విండోస్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉంది. టీపీఎం అనే భద్రతా చిప్ కీ ఇస్తుంది, బూట్ అవుతుంది, పాస్‌ఫ్రేజ్ ఊసే లేదు.

పాత_కీబోర్డు
బాబాయి గారూ, బయాస్ అప్‌డేట్ చేశాక నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగలేదా ఎప్పుడూ? ముందే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చెయ్యకపోతే చాలాసార్లు అదే జరుగుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయని మైక్రోసాఫ్టే చెప్పింది. ఒక ఫైలు తీసేస్తే సరిపోయేది. కానీ బిట్‌లాకర్ ఉన్నచోట ఆ ఫైలు దాకా వెళ్లడానికే చాలామందికి రికవరీ కీ కావాల్సొచ్చింది.

కెర్నల్_కబుర్లు
ఇంకోటి, చిప్ తనంతట తనే కీ ఇచ్చేస్తే దారిలో పట్టుకోవచ్చు. 2024లోనే ఒకాయన పాత లాప్‌టాప్‌లో విడిగా ఉన్న టీపీఎం తీగల మీద రాస్‌ప్‌బెర్రీ పై పికో పెట్టి 43 సెకన్లలో బిట్‌లాకర్ కీ లాగి చూపించాడు. టీపీఎంకి తోడు పిన్ పెట్టుకుంటే ఆ దారి మూసుకుంటుంది. లినక్స్‌లోనూ టీపీఎం, పిన్ కలిపి పెట్టొచ్చు.

బిట్ల_బాబాయి
పిన్ పెడితే మళ్లీ ఏదో ఒకటి కొట్టాల్సిందేగా. సరే, రికవరీ కీ ప్రింట్ తీసి బీరువాలో పెట్టాను, అది చాలు నాకు.

సందేహాల_సంచి
లేచింది! కన్వర్ట్ చేసి రీస్టార్ట్ కొట్టాను. ఎంటర్ నొక్కాక పాతలాగే పావు నిమిషం ఏమీ జరగలేదు, ఆ పావు నిమిషం ఇంత ముద్దుగా ఎప్పుడూ అనిపించలేదు. కబుర్లు గారికి, తాళంచెవి గారికి వేల దండాలు.

ఈ ఆదివారం బూట్‌ని బయటికి తెచ్చేస్తున్నాను. తాళంచెవి గారూ, తిట్టుకోకండి, నాకు స్నాప్‌షాట్లూ లేవు, సంతకాలు చేసే ఓపికా లేదు. నాకు భయం దొంగల గురించే.

తాళంచెవి
తిట్టను, మీ అవసరం అది. తెచ్చేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి. గ్రబ్ తెరిచాక ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ రెండోసారి పాస్‌ఫ్రేజ్ అడగట్లేదంటే, గైడు మీతో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఒక కీ ఫైలు పెట్టించి ఉంటుంది. బూట్ లోపల ఉన్నంతవరకు అది క్షేమం. దాన్ని అలాగే బయటికి తెస్తే తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే. ముందు ఆ ఫైలు తీసేసి, దాని స్లాట్ కూడా చెరిపి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ కట్టండి.

సందేహాల_సంచి
అమ్మో, నిజమే, రెండోసారి అడగదు! లుక్స్ డంప్‌లో స్లాట్ 2 ఏంటా అనుకున్నాను. మరి పెన్‌డ్రైవ్‌లో హెడర్ బ్యాకప్ ఉంచొచ్చా?

తాళంచెవి
అందులో ఆ స్లాట్ 2 కూడా ఉంది కదా. ఆదివారం పనంతా అయ్యాక కొత్తగా ఇంకో బ్యాకప్ తీసుకుని, దీన్ని చెరిపేయండి. మళ్లీ పాస్‌ఫ్రేజ్ మార్చినా అంతే, పాత బ్యాకప్ ఉన్నంతకాలం పాత పాస్‌ఫ్రేజ్ చెల్లుతూనే ఉంటుంది.