అప్‌డేట్: జరిమానాతో ముగిసిన కేసులో శిక్ష పెంపు కోరుతూ అప్పీలు

నిర్లక్ష్యపు డ్రైవింగ్ వల్ల మా తమ్ముడు మరణించిన కేసులో మేజిస్ట్రేటు నేరం రుజువైందంటూనే జరిమానాతో సరిపెట్టారని, దానిపై మేమే అప్పీలు చేయవచ్చా అని లోగడ అడిగాను. చేయలేమని తేలింది. నిర్దోషిగా విడుదల చేసినా, తక్కువ నేరానికే శిక్షించినా, పరిహారం చాలకపోయినా బాధితులు అప్పీలు చేసుకోవచ్చు గాని, శిక్ష చాలదన్న కారణం ఆ జాబితాలో లేదు. 2020లో పర్వీందర్ కన్సల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. ఆ హక్కు ప్రభుత్వానిది. పాత నేర విచారణ స్మృతిలో 377వ సెక్షన్, నేటి నాగరిక్ సురక్షా సంహితలో 418వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం ఆదేశిస్తే పబ్లిక్ ప్రాసిక్యూటర్ అప్పీలు వేస్తారు. మేజిస్ట్రేటు తీర్పు గనుక అది సెషన్స్ కోర్టుకు వెళుతుంది.

గడువు 30 రోజులే కావడంతో, తీర్పు నకలు జతచేసి వెంటనే అర్జీ ఇచ్చాము. ఇలాంటి మరణం కేసులోనే హైకోర్టు 24 రోజులకు తగ్గించిన శిక్షను 2015లో సుప్రీంకోర్టు ఆరు నెలలు చేసిన సౌరభ్ బక్షి తీర్పును అందులో ఉదహరించాము. అనుమతి వచ్చింది, అప్పీలు దాఖలైంది. అయితే ఈ అప్పీలులో నిందితుడు తనను పూర్తిగా నిర్దోషిగా విడిచిపెట్టమని కూడా వాదించవచ్చని ప్రాసిక్యూటర్ ముందే చెప్పారు (ఇది మా ఇంట్లో ఎవరికీ రుచించలేదు). ప్రస్తుతం అతనికి నోటీసు వెళ్లింది. వాదనలు ఇంకా మొదలు కాలేదు.